చుక్క డ్యూటీలోనే ఉంది

ఆ యాప్‌కు డబ్బులు కట్టడం దండగ కాదా అని మా కాలనీ ఆడవాళ్లు ఇప్పటికీ నన్ను అడుగుతుంటారు. నేను వాళ్లను తిరిగి ఒకటే అడుగుతాను. నీ మొగుడు ఎక్కడున్నాడో తెలుసుకోవాలనా, పగ తీర్చుకోవాలనా? తెలుసుకోవడానికైతే ఒక్క రూపాయి కట్టొద్దు. పగకైతే ఏడాదికి కట్టు. నెలకు కడితే సరిపోదు. వాళ్లు నేనేదో ఎకసెక్కం ఆడుతున్నాననుకుని నవ్వుతారు. నేను నవ్వను.

మాది నస్పూర్‌లో బొగ్గు గనుల కాలనీ. మా దిక్కు గనిని బాయి, నాన్నను బాపు, అమ్మను అవ్వ అంటారు. బాపు వయసంతా బాయిలోనే గడిచింది. బొగ్గు దుమ్ముకు ఊపిరితిత్తులు చెడిపోయాయి. ఇక దిగడానికి పనికిరాడని డాక్టర్లు రాసిచ్చారు. అలా రాసిస్తే ఆ నౌకరీ ఇంట్లో ఇంకొకరికి వస్తుంది. నాకు అన్నదమ్ములు లేరు. అప్పట్లో కూతురికి ఇచ్చేవాళ్లు కాదు, అల్లుడికైతే ఇచ్చేవాళ్లు. అందుకని బాపు ఊపిరి పోగొట్టుకుని మిగుల్చుకున్న ఆ ఒక్క నౌకరీ, భైంసా దగ్గర పత్తి చేలలో పెరిగిన మనిషి చేతికి పోయింది. పెళ్లినాడు చర్చి బయట బాపు ఆయన చెయ్యి పట్టుకుని ఒక్కటే అడిగాడు. "నౌకరి మంచిగ చెయ్యి కొడుకా. నాగలు పెట్టకు." నాగా అంటే పనికి పోకపోవడం. ఆయన సరే మామా అన్నాడు.

ఇప్పుడు ఆడపిల్లలు కూడా బాయి నౌకరీల్లో చేరుతున్నారు. హెల్మెట్ చేతికి తగిలించుకుని స్కూటీ మీద షిఫ్టుకు పోయే పిల్ల కనబడితే నాకు కడుపు మండుతుంది. ఆ పిల్ల మీద కాదు.

షిఫ్టు దిగి వచ్చిన మనిషికి మా ఇళ్లల్లో ఒక మర్యాద ఉంటుంది. అవ్వ బాపుకు చేసిందే నేనూ ఆయనకు చేశాను. వచ్చేసరికి వేడినీళ్లు కాగి ఉండాలి. వీపు రుద్దాలి. టీవీ గొంతు తగ్గించాలి. కూరలో మంచి ముక్క ఆ కంచంలోకే పోవాలి. నేను ఏదన్నా అడిగితే, "బాయిల సచ్చి వస్తున్న, జర నిమ్మలంగ కూసోనియ్యవా?" అనేవాడు. ఆ మాట తర్వాత ఇంకేం అడుగుతాం? బాపు కూడా పక్క గదిలోంచి, "ఊకో బిడ్డా, దిగినోనికే తెలుస్తది" అనేవాడు. బాపు పాపం తన కాలం గుర్తుచేసుకుని అనేవాడు.

అనుమానం ఎక్కడ మొదలైందంటే, గోళ్ల దగ్గర. బట్టల నిండా మసి, గోళ్లు మాత్రం పెళ్లికొడుకు గోళ్లు. నేను బాయి మనిషి బిడ్డను. ఎంత తోమినా గోళ్ల సందుల్లోంచి బొగ్గు పోదని నాకు తెలుసు. కనురెప్పల అంచున కాటుకలాగా నిలిచిపోతుంది. బాపుకు ఆదివారం ప్రార్థనకు పోయినప్పుడు కూడా ఆ కాటుక ఉండేది. ఈయన కళ్లు కడిగిన పలకలా ఉన్నాయి. మరి ఎనిమిది గంటలు ఎక్కడున్నట్టు? నా బుద్ధి తిన్నగా ఒక ఆడమనిషి దగ్గరికి పోయింది. ఎవరి బుద్ధి అయినా అక్కడికే పోతుంది.

బాపును అడగాల్సింది. సిగ్గేసింది. నువ్వు నౌకరీ ఇచ్చిన అల్లుడు ఇలాంటివాడట అని ఏ నోటితో చెప్పను? అందుకని మంచిర్యాలలో ఒక సెల్‌ఫోన్ల దుకాణానికి పోయాను. ఆయన ఫోన్ అద్దం పగిలింది, కొత్తది వేయిస్తానని అడిగి తీసుకుపోయాను. దుకాణం మనిషి నా ఈడువాడే, అక్కా అంటాడు. విషయం సగం చెప్పగానే మిగతా సగం అతనే అందుకున్నాడు. అడిగిన మొదటిదాన్ని నేను కాదన్నమాట.

"ఫ్రీది ఉన్నది అక్కా. గని గది ఇప్పుడు ఏడున్నడో గంతే చూపెడతది. పైసలు కడితే పొద్దుగాల్నించి ఏడికేడికి పోయిండో గీత గీసి చూపెడతది. బాయి కాడికి రాంగనే నీ ఫోన్ల గంట కొడతది. ఆడ్నించి కదిలితే ఇంకో గంట. మొత్తం రాసిపెట్టి ఉంచుతది. నెలకా, ఏడాదికా?"

ఏడాదికే అన్నాను. కోపం వచ్చినప్పుడు నేను చిల్లర పనులు చేయను. అద్దం వేసి, ఆ యాప్ కూడా వేసి, దాని గుర్తు కనబడకుండా దాచి ఇచ్చాడు. మొగుడి ఫోన్లో దొంగచాటుగా అలాంటిది పెట్టడం తప్పా? తప్పే. ఆయన గోళ్లు తెల్లగా ఉండటం ఇంకా పెద్ద తప్పు అనుకున్నాను.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. బాయిలోకి ఫోన్ పోనివ్వరు. నిప్పురవ్వ రేగినా ప్రమాదం కాబట్టి అందరూ పైనే వదిలి దిగుతారు. మా ఆయన బండి డిక్కీలో పెట్టి, బండి స్టాండులో పెట్టి పోతాడు. బయట ఆడవాళ్లకు మొగుడు ఫోన్ ఎత్తకపోతే అనుమానం. మాకు షిఫ్టు టైములో ఎత్తితే అనుమానం. ఎనిమిది గంటలు ఫోన్ కదలకుండా, పలకకుండా ఒకచోట పడి ఉందంటే మా లెక్కలో మనిషి బుద్ధిమంతుడని అర్థం.

మరునాడు పొద్దున గంట కొట్టింది. చూస్తే మ్యాపులో చుక్క బాయి మీద నిలబడి ఉంది. పది గంటలకు చూశాను, అక్కడే. అన్నం వార్చి చూశాను, అక్కడే. షిఫ్టు అయ్యాక కదిలింది, తిన్నగా ఇంటికొచ్చింది. గీత ఎక్కడా వంకర పోలేదు. వారం చూశాను, నెల చూశాను. నాకు సిగ్గనిపించింది. నిజంగానే ఏడ్చాను. ఇంత నికార్సయిన మనిషిని అనుమానించానే అని నాటుకోడి తెప్పించి వండాను. గోళ్లు తెల్లగా ఉంటే ఉన్నాయి, ఏదో కొత్త సబ్బు అయి ఉంటుందనుకున్నాను. నా కళ్లతో చూసింది అబద్ధం, డబ్బులిచ్చి కొన్నది నిజం. అంత తెలివి నాది.

ఇంకొకటి కూడా చేశాను. మా చర్చి సంఘంలో ఒకామె, మంచిదే, ఆదివారం ప్రార్థన అయ్యాక నన్ను పక్కకు పిలిచింది. "ఏమనుకోకు చెల్లె, మీ ఆయనను నిన్న ధర్మపురి బస్సుల చూసిన" అంది. ముందురోజు ఆయనకు మొదటి షిఫ్టు. నేను ఫోన్ తీసి, ఆ రోజంతా బాయి మీదే నిలిచిన చుక్కను పదిమంది ముందు చూపించి, "నీ కండ్లకు డాక్టరును చూపెట్టుకో అక్కా. మా ఇంటి మీద పడకు" అన్నాను. ఆమె మొహం మాడిపోయింది. తర్వాత నేనే పోయి కాళ్ల మీద పడ్డంత పని చేశాను. అయినా ఆమె నాతో మాట్లాడటం లేదు. మాట్లాడకపోవడమే న్యాయం.

ఎనిమిది నెలలు అలా గడిచాయి. ఒకరోజు పదకొండింటికి ఆఫీసు నుంచి ఒక మనిషి కాగితం తెచ్చి ఇచ్చిపోయాడు. మా ఆయన పేరు మీద ఉంది. విప్పి చదివాను. మస్టర్లు, అంటే హాజరు, మరీ తక్కువ ఉన్నాయట. నోటీసులు ముందే ఇచ్చారట. ఎందుకు తీసేయకూడదో చెప్పుకోవడానికి భార్యను వెంటబెట్టుకుని కౌన్సెలింగ్‌కు రావాలట. ఒక చేతిలో ఆ కాగితం, ఇంకో చేతిలో ఫోన్. ఫోన్లో చుక్క డ్యూటీలోనే ఉంది. ఆ క్షణాన కూడా, సిగ్గులేకుండా చెప్తున్నాను, కాగితమే తప్పేమో అనుకున్నాను.

ఇక దాచడానికి ఏం మిగల్లేదు. రెండూ తీసుకుపోయి బాపు ముందు పెట్టాను. బాపు కళ్లజోడు పెట్టుకుని చుక్కను చాలాసేపు చూశాడు.

"గిది ఏం చెప్తున్నది బిడ్డా?"

"ఆయన బాయి కాడ ఉన్నడని చెప్తున్నది."

"ఫోన్ ఉన్నదని చెప్తున్నది" అన్నాడు బాపు. "మనిషి ఉన్నడో లేడో చెప్పేది నంబరు బిళ్ల. దిగేటోడు బిళ్ల ఇచ్చి ల్యాంపు తీసుకుంటడు. ఎక్కొచ్చేదాక గా బిళ్ల ల్యాంపు రూముల గోడకు కొట్టిన మొలకే ఉంటది. బాయిల పైకప్పు కూలిన రోజున మీ అవ్వ ఎవ్వలనూ ఏమీ అడగలే. సక్కగ వచ్చి మొల దిక్కు చూసింది. పైసలు పెట్టి గిదెందుకు కొన్నవ్? నన్నడిగితే ఒక్కపూటల చెప్పకపోదునా?"

అప్పుడు వచ్చింది కోపం. అరికాలి మంట నెత్తికెక్కడం అంటారే, అది. ఆటో పిలిచాను. బాపు మూడడుగులకొకసారి ఆగి ఊపిరి పీల్చుకుంటూ ల్యాంపు రూము దాకా నడిచాడు. అక్కడ బాపును ఎరగనివాళ్లు లేరు. నేను బండ్ల స్టాండు దగ్గర నిలబడ్డాను. మా బండి అక్కడే ఉంది, తుడిచి పెట్టినట్టుంది. కొంతసేపటికి బాపు తిరిగొచ్చాడు. "మొల ఖాళీగున్నది బిడ్డా" అన్నాడు. ఆ మొహం నేను అవ్వ పోయిన రోజు కూడా చూడలేదు. బాపును ఆటోలో ఇంటికి పంపించేశాను.

నేను మాత్రం ఎదురుగా ఉన్న టీ కొట్టు వెనక కూర్చున్నాను. షిఫ్టు ముగిసే వేళకు మెయిన్ రోడ్డు మీద బస్సు ఆగింది. మా ఆయన దిగాడు. చేతిలో టిఫిన్ డబ్బా, ఒంటిమీద శుభ్రమైన డ్యూటీ బట్టలు. నడుచుకుంటూ వచ్చి, లారీల నుంచి రాలిపడిన బొగ్గు కుప్ప దగ్గర ఆగాడు. అటూ ఇటూ చూసి, వంగి, రెండు చేతులతో ఆ దుమ్ము తీసి చొక్కాకు రాసుకున్నాడు. భుజాలకు, మోకాళ్లకు, చెంపలకు. పెళ్లికొడుక్కి నలుగు పెట్టినట్టు నిదానంగా, ఏ చోటూ వదలకుండా. తర్వాత రుమాలుతో చేతులు బాగా తుడుచుకున్నాడు. గోళ్ల సంగతి నాకప్పుడు అర్థమైంది.

ఆడమనిషి ఉన్నా నేను ఇంత మండిపోయేదాన్ని కాదేమో. ఎనిమిది నెలలు నేను ఉతికిన మసి అది. బండ మీద వేసి బాది బాది, చేతులు పొక్కేలా ఉతికాను. నేను రుద్దిన వీపు ఏ పనీ చేయని వీపు. నా బాపు పేరు మీద, నా బాపు ఊపిరి మీద వచ్చిన మర్యాదను ఈ మనిషి కుప్ప దగ్గర వంగి పూసుకుంటున్నాడు. పోయి చొక్కా పట్టుకుందామనుకున్నాను. కానీ అరిస్తే ఏమవుతుంది? నలుగురు పోగవుతారు, ఆయన ఏదో కథ చెప్తాడు, నేను గయ్యాళినవుతాను. లేచి అడ్డదారిన ఆటో ఎక్కి, ఆయన కంటే ముందు ఇంటికి చేరి నీళ్లు కాగబెట్టాను.

"నీళ్లు కాగినయా?" అన్నాడు వస్తూనే.

"కాగినయ్" అన్నాను. వీపు కూడా రుద్దాను. నా జీవితంలో అంత ఓపిక ఎప్పుడూ పట్టలేదు.

కాగితం ఆయన దిండు మీద పెట్టాను. చదువుకుని పరేషాన్ అయ్యాడు. రెండు రోజుల తర్వాత కథ అల్లుకుని నా దగ్గరికి వచ్చాడు. నడుము నొప్పట. నాకు చెప్తే ఫికర్ చేస్తానని చెప్పలేదట. జీతంలో కోతలంటూ ఇంటికి తక్కువ ఇచ్చింది కూడా అందుకేనట. "నువ్వొచ్చి గా సార్ల ముంగట, ఇంట్లనే పండుకున్నడు, నేనే సేవ జేసిన అని చెప్పు. జర ఏడువు. అందరి పెండ్లాలు ఏడుస్తరు. ఒక్క ఛాన్స్ ఇస్తరు" అన్నాడు. ఎవరో డాక్టరు రాసిన చీటీ కూడా చూపించాడు. నేను చీటీని రెండు వైపులా తిప్పి చూసి, సరే వస్తానన్నాను. బాపు ఆ గదిలోనే ఉన్నాడు, కిటికీ వైపు తిరిగి పడుకున్నాడు.

ఆ ఆదివారం పాస్టరు క్షమించడం గురించి చెప్పాడు. నేను ముందు వరసలోనే కూర్చుని విన్నాను. దేవుడికి క్షమించడం సులువే, ఆ మసి బట్టలు ఉతికింది దేవుడు కాదు కదా అనుకున్నాను. తప్పే, కానీ అనుకున్నాను.

కౌన్సెలింగ్ ఒక పెద్ద హాల్లో పెట్టారు. బల్ల వెనక ముగ్గురు ఆఫీసర్లు, పక్కన యూనియన్ నాయకుడు. మొగవాళ్లందరూ ఒక వరసలో తల వంచుకుని నిలబడ్డారు. ఆడవాళ్లు ఒక్కొక్కరే పోయి చెంగు నోట్లో కుక్కుకుని ఏడుస్తున్నారు. తాగుడు మాన్పిస్తామంటున్నారు, దేవుడి మీద ఒట్టేస్తున్నారు. వాళ్లను చూస్తే నాకు జాలి, ఒళ్లుమంట రెండూ కలిగాయి. నాగలు పెట్టింది వాళ్లు, ఏడ్చేది వీళ్లా?

నా వంతు వచ్చింది. పెద్ద ఆఫీసరు చీటీ చూస్తూ అడిగాడు. "అమ్మా, మీ ఆయన నడుము నొప్పితో ఇన్ని నెలలూ ఇంట్లోనే ఉన్నాడట. నిజమేనా?"

"నడుముకు ఏం కాలే సార్. బస్సుల కూసోనీకి మంచిగనే పనిచేస్తున్నది" అన్నాను.

నేను ఫోన్ తీసి బల్ల మీద పెట్టాను. ఎనిమిది నెలల గీతలు, రోజు రోజుకూ తేదీ, టైము. "చూడుండ్రి సార్. ఇంట్ల పండుకున్నోని ఫోను రోజూ మీ బాయి కాడ ఎందుకున్నది? బాయి కాడ ఉన్నోనికి మస్టర్ ఎందుకు పడలే? ఫోను డిక్కీల పెట్టి, ఆయన బస్సెక్కి ధర్మపురికి పోయిండు. వచ్చేటప్పుడు కుప్ప కాడ మసి పూసుకొని ఇంటికొచ్చిండు. నా కండ్లతోని చూసిన."

ఆఫీసరు వేలితో ఒక్కో రోజూ జరుపుతూ చాలాసేపు చూశాడు. "ఈ ఫోనుకు మస్టర్ ఇస్తే ఒక్క నాగా లేదు" అన్నాడు. అందరూ నవ్వారు. ఏడుస్తున్న ఆడవాళ్లు కూడా నవ్వారు. మా ఆయన తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. ఎనిమిది నెలలు నా వంటింట్లో పెద్దమనిషిలా కూర్చున్న మనిషి, యాభై మంది ముందు కాళ్లు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నిలబడ్డాడు. ఆ యాప్‌కు కట్టిన ప్రతి రూపాయీ నాకు అప్పుడు కిట్టింది. మనిషి ఎక్కడున్నాడో అది ఒక్కరోజూ చెప్పలేదు. మనిషి అబద్ధాన్ని మాత్రం తేదీలతో సహా దాచిపెట్టింది.

"అయితే తీసెయ్యమంటావా అమ్మా?" అన్నాడు ఆఫీసరు. ఆయన నవ్వడం లేదు.

నేను ఈ ప్రశ్న కోసమే వారం రోజులుగా నిద్ర లేకుండా ఉన్నాను. తీసెయ్యమంటే ఒక్క ముక్కలో పగ తీరుతుంది. కానీ దాంతో క్వార్టర్ పోతుంది, బాపు నౌకరీ మట్టిలో కలుస్తుంది. ఈయన గారు దర్జాగా భైంసా పోయి చెట్టు కింద కూర్చుంటాడు.

"తీసేస్తే ఆయనకే సుఖం సార్. ఆయనకు గావాల్సింది గదే. గది మా బాపు నౌకరి. తీసెయ్యకుండ్రి. దింపుండ్రి. రోజూ దింపుండ్రి. నేను తోలుకొచ్చి అప్పజెప్త."

ఆఫీసర్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆఖరి అవకాశం అని రాసి, ఆయనతో సంతకం పెట్టించి, కింద నాతో కూడా పెట్టించారు. ఇంటికి పోయి బాపుకు చెప్పాను. బాపు విని, "గట్ల పదిమందిల అనొద్దుండె బిడ్డా" అన్నాడు. తర్వాత ఆ పూట కడుపునిండా అన్నం తిన్నాడు.

మరునాటి నుంచి నేనే బండి నడుపుతున్నాను. ఆయన వెనక కూర్చుంటాడు. ఫోన్ నా సంచిలో ఉంటుంది. ల్యాంపు రూము కిటికీ దగ్గర బిళ్ల ఇచ్చి, ల్యాంపు తీసుకుని, వాలు దారిలో దిగి కనుమరుగయ్యేదాకా నేను గేటు దగ్గర నిలబడతాను. "ఏం అన్నా, బడికి తోలిపోనీకి వచ్చిందా?" అని తోటివాళ్లు ఆయనను ఆడుకున్నారు. ఆడుకోనీ అనుకున్నాను. యాప్ గడువు ఒకరోజు అయిపోయింది. మళ్లీ కట్టమని రోజూ అడిగింది, నేను తీసిపారేశాను.

నాలుగు నెలల తర్వాత ఒక పొద్దున ఆయన గేటు దగ్గర బండి దిగలేదు. నా వీపు వెనక కూర్చునే మాట్లాడాడు. కౌన్సెలింగ్ తర్వాత నాతో మాట్లాడిన మొదటి మాటలు అవి.

"ఆడమనిషి లేదు, తాగుడు లేదు. ధర్మపురిల గోదావరి ఒడ్డున మెట్ల మీద కూసుంటుంటి. గంతే. బాయిల దిగుతుంటే మీదున్నదంత నా ఛాతి మీదికి వస్తున్నట్టయితది. ఊపిరాడది. మొదటిరోజు నుంచే గట్లనే. నాకు భయమే. చెప్తే నవ్వుతరని చెప్పలే."

అబద్ధం కాదు. మసి పూసుకునే మనిషి గొంతు వేరు, ఇది వేరు. నాకు జాలి కలిగింది. నిజంగానే కలిగింది, గొంతు దాకా వచ్చింది. కానీ కుప్ప దగ్గర వంగిన ఆ వీపు కళ్ల ముందుకు వచ్చి నిలబడింది. మూడడుగులకొకసారి ఆగిన బాపు వచ్చి నిలబడ్డాడు. జాలిని అలాగే మింగేశాను. అది మంచి పని కాదని నాకు అప్పుడూ తెలుసు, ఇప్పుడూ తెలుసు.

"మా బాపుకు భయం కాలేదనుకున్నవా?" అన్నాను.

ఆయన బండి దిగాడు. చేతిలో బిళ్ల అటూ ఇటూ తిప్పుతూ నిలబడ్డాడు.

"ఇంకెన్ని దినాలు?" అని అడిగాడు.

"మా బాపు దిగినన్ని ఏండ్లు" అన్నాను. "నడువు, షిఫ్టు టైమైతున్నది."